కొత్తిమీర కుండీలో పెంకులు

జర్మనీకి వచ్చిన పదిహేనో రోజుకే కౌసల్యకు ఆ దేశపు పూలకుండీల మీద కోపం వచ్చింది. ఒక్క చిల్లు చాలదన్నట్టు ప్లాస్టిక్ కుండీకి అడుగున ఆరేసి చిల్లులు. పోసిన నీళ్లు పోసినట్టే కింది అంతస్తు బాల్కనీలోకి కారిపోయేవి. వాటితో పాటు మన్నూ పోయేది. జనగామ దగ్గరి ఊళ్లో ఆమె పుట్టిందీ మెట్టిందీ కుమ్మరి ఇళ్లలోనే. చిల్లు మీద ఒక చిల్లపెంకు బోర్లిస్తే ఆగాల్సిన నీరు ఆగుతుందని, పోవాల్సింది పోతుందని ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు. కానీ ఈ ఊళ్లో పెంకు ఎక్కడ దొరుకుతుంది? ప్లేటు పగిలితే ముక్కల్ని ఏ రంగు బుట్టలో వేయాలో కాగితం చూసి మరీ వేసే ఊరిది.

ఆమె వచ్చింది 2020 ఫిబ్రవరి చివర, కూతురు చంద్రిక పురిటికి. మార్చిలో పాప పుట్టింది. ఆ వారమే దేశమంతా మూతపడింది. మే నెల తిరుగు టికెట్టు రద్దయింది. మూతపడేదాకా రోజూ ఎస్-బాన్ రైలెక్కి స్టుట్‌గార్ట్ వెళ్లి కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేసొచ్చే అల్లుడు శ్రీహర్ష వంటింటి బల్ల మీదే ఆఫీసు తెరిచాడు. అతను మీటింగులో ఉన్నంతసేపూ మిక్సీ తిప్పకూడదు, పోపు వేయకూడదు, పాప ఏడవకూడదు. మొదటి రెండూ కౌసల్య చేతిలో పని. మూడోది ఎవరి చేతిలోనూ లేదు కనుక ఆమె పాపను బండిలో పడుకోబెట్టి పొలాల వైపు తీసుకుపోయేది.

హాస్లింగన్ చిన్న ఊరు. ఇళ్లు అయిపోగానే వాలుగా పొలాలు, వాటి మధ్య సైకిళ్లు పోయే తారు దారి. కొంత దూరం వెళ్లాక తారు అయిపోయి కంకర మొదలయ్యేది. ఆ కుదుపుకు పాప ఠంచనుగా లేచేది. కౌసల్య అక్కడ బండి ఆపి, దుప్పటి సర్ది, మళ్లీ నిద్రపుచ్చి, అప్పుడే దున్నిన చేనులోకి దిగేది. ఏడిస్తే వినపడేంత దూరం మాత్రమే వెళ్లేది. మొదటి రోజే కాలికి పెంకు తగిలింది. తీసి చూస్తే కుండ పెంకు. దళసరిది, ఒకవైపు నలుపు, ఒకవైపు ఎరుపు, అంచు పొడవునా వేలితో నొక్కిన గుంటలు.

"ఈడ గూడ మనోళ్లు ఉన్నరన్నట్టు," అనుకుంది కౌసల్య. ఈ చేను రైతు తాతల నాడు ఏ కుమ్మరిల్లో ఇక్కడ ఉండి ఉంటుందని ఆమె లెక్క. కుండీకి రెండు చొప్పున ఏడు కుండీలకు కావలసినవి ఏరుకుని, మిగిలినవి అక్కడే వదిలేసింది.

కొత్తిమీర విరగబడి వచ్చింది. ఇన్నాళ్లూ నీళ్లు కార్చినందుకు తప్పు ఒప్పుకున్నట్టుంటుందని ఒక కుండీని కింది ఇంటి ఫ్రావ్ బాయర్లెకు ఇచ్చింది. ఆవిడ రిటైరైన భూగోళం టీచరు. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు, మధ్య మీటరున్నర దూరం వదిలి, మాస్కుల్లోంచి తోటపని గురించి గంటలు మాట్లాడుకునేవారు. ఏ ఒక్కరికీ ఏమీ అర్థం కాలేదని చంద్రిక అంటుంది. అర్థం కానిదేమీ లేదని కౌసల్య అంటుంది.

జూన్ మధ్యలో ఒక ఉదయం ఫ్రావ్ బాయర్లె గంట కొట్టి, మెట్ల మీదే నిలబడింది. చేతిలో ప్లేటు, ప్లేటులో పేపరు రుమాలు, రుమాలు మీద రెండు పెంకులు. పేరంటానికి పిలవడానికి వచ్చినట్టుంది వాలకం. కొత్తిమీరను పెద్ద కుండీలోకి మారుస్తుంటే బయటపడ్డాయట. ఆవిడ ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది.

చంద్రిక తల్లివైపు తిరిగింది. "అమ్మా, ఇవి రెండున్నర వేల ఏండ్ల కిందియంట. పన్నెండేండ్ల సంది ఆమె మ్యాపు పట్కొని ఈ పొలాలల్ల తిరుగుతున్నదట. పురావస్తు శాఖోళ్లకు ఊర్కెనే సాయం చేస్తదట. గింత మంచి అంచు ముక్క ఆమెకు ఒక్కటి గూడ దొరకలేదంట."

"నాకేం ఎరుక? చిల్లు మీదికి మంచిగ కూసున్నయని తెచ్చిన," అంది కౌసల్య.

శ్రీహర్ష హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని వచ్చాడు. "అత్తమ్మా, మొత్తం ఎన్ని తెచ్చిన్రు?"

"పద్నాలుగు."

"పద్నాలుగు," అన్నాడతను, టెస్టింగులో బయటపడ్డ తప్పులు లెక్కపెట్టే గొంతుతో. "మీ వీసా ఎక్స్‌టెన్షన్ లెటర్ ఇంకా రాలే. ఆ ఆఫీసుల అపాయింట్‌మెంటే దొరుకుత లేదు. గిప్పుడు పురాతన వస్తువులు ఎత్కపోయిందని ఎవరన్న రాస్తే? రేపు పొద్దుగాల నేను పోయి మెల్లగ చేన్ల పడేసి వస్త."

"నువ్వు పడేసేది ఏడనో నీకు ఎరుకనా?" అంది కౌసల్య.

ఫ్రావ్ బాయర్లె అడుగుతున్నదీ సరిగ్గా అదే. ఎక్కడ దొరికాయి? పంట కోయగానే ఆ చేనులో కొత్త ఇళ్లు లేస్తాయి. కిందటి శరదృతువులో శాఖవాళ్లు ఎగువ వైపు తవ్వి చూశారు, ఏమీ దొరకలేదు, ఫైలు మూసేశారు. చోటు చెప్పగలిగితే ఇంకొకసారి చూస్తారేమో. లేకపోతే జులైలో పునాదులు.

చంద్రిక చెప్పిందంతా కౌసల్య విన్నది. "అంటే వాళ్లు బతికిన జాగ మీద, వాళ్లు ఉన్నరని గూడ చూడకుండ ఇండ్లు కడ్తరా?"

"చూసినం, లేరు అని కాయిదం ఉన్నదమ్మా."

"అది అబద్ధం కాయిదం. పెంకులు నా కుండీల ఉన్నయ్. నేనొచ్చి చూపిస్తనని చెప్పు."

శాఖ నుంచి వచ్చినావిడ పేరు డాక్టర్ ఎంగెల్. ముప్పై దాటి ఉండదు, మోకాళ్ల దాకా బురద బూట్లు. పెంకుల్ని చూసినప్పుడు ఆమె కళ్లు మెరిశాయి గానీ మాట మాత్రం కొలిచినట్టు వచ్చింది. శుక్రవారం ఒక్కరోజు, ఒక్క యంత్రం. ఒక చాలు తవ్వడానికే సమయం. చోటు తప్పితే రెండోసారి అడిగే వీలు ఆమెకు కూడా లేదు.

శుక్రవారం శ్రీహర్ష సెలవు పెట్టాడు. అత్తగారిని పోలీసులు తీసుకెళ్తే భాష తెలిసిన మనిషి ఒకరు ఉండాలని. కౌసల్య బండి తోసుకుంటూ ముందు నడిచింది. ఆమెకు బెంగ లేదు. పాప లేచిన చోట ఆగి, అక్కడి నుంచి చేనులోకి ఇరవై అడుగులు.

బండి పోతూనే ఉంది. పాప లేవలేదు. కంకర రావాల్సిన చోట నల్లగా నిగనిగలాడే కొత్త తారు. మే నెలలో, కౌసల్య పాపను ఇంకో దారిన తిప్పడం మొదలుపెట్టాక, మునిసిపాలిటీ వాళ్లు దారంతా వేసేశారు. పొలమేమో నడుము ఎత్తు బార్లీ. ఎటు చూసినా ఒకటే.

కౌసల్య ఆగిపోయింది. యంత్రం డ్రైవరు ఇంజిన్ ఆపి సిగరెట్ వెలిగించాడు. డాక్టర్ ఎంగెల్ వాచీ చూసుకుని, చూసుకోనట్టు చెయ్యి దించింది.

"అత్తమ్మా, అందాజగ ఏదో ఒక చోటు చూపియ్యున్రి," అన్నాడు శ్రీహర్ష మెల్లగా.

"అందాజకు కుండ గూడ చెయ్యరు బిడ్డా. ఆ నీళ్ల సీస ఇటియ్యి."

చెప్పులు విడిచి ఆమె బార్లీలోకి దిగింది. గుప్పెడు మన్ను తీసి, నీళ్లు చిలకరించి, రెండు అరచేతుల మధ్య తాడులా పేనింది. తెగలేదు. పసుప్పచ్చని మంచి మన్ను, ఇంటి దగ్గర ఇలాంటిది దొరికితే బండెడు తోలించేవారు. పారేసి పది అడుగులు జరిగింది. మళ్లీ పేనింది. తెగలేదు.

"ఏం చేస్తున్నావో ఆమెకు చెప్పాల్నమ్మా," అంది చంద్రిక.

"మనుషులు బతికిన జాగ మన్ను కుండకు పనికిరాదు. పొయ్యి బూడిద, పెంట, బొక్కలు అన్ని కలిసి పొడిపొడిగ అయితది. మా నాయన గసోంటి మన్ను తెస్తే మా అమ్మ గంప బోర్లేసి తిట్టేది. నేను గిప్పుడు పనికిరాని మన్ను దేవులాడుతున్న."

చంద్రిక జర్మన్‌లో చెప్పింది. డాక్టర్ ఎంగెల్ వాచీ చూడటం మానేసి, తనూ చేనులోకి దిగి, కౌసల్య వెనకే నడవసాగింది. ఇరవై గుప్పిళ్లు, ముప్పై గుప్పిళ్లు. ఫ్రావ్ బాయర్లె ప్రతి గుప్పెడుకీ మ్యాపులో చుక్క పెట్టింది. పాప లేచింది, పాలు తాగింది, మళ్లీ పడుకుంది. నలభయ్యో, నలభై ఒకటో గుప్పెడు కౌసల్య చేతుల్లో మూడు ముక్కలైంది. రంగు నలుపు, వేళ్లకు మసి. పక్కన ఇంకొక గుప్పెడు తీసింది. అదీ విరిగింది. తల ఎత్తి చూస్తే చుట్టూ బార్లీ పండిపోతున్నా ఆ కాస్త మేర ఇంకా పచ్చగా ఉంది.

"ఈడ తవ్వమను," అంది.

ఆ పచ్చటి చోటుకు కాస్త ఇవతలి నుంచే యంత్రం పై మన్ను పల్చగా గీకుతూ వచ్చింది. ఒక మీటరు, రెండు మీటర్లు, పసుపు, అంతా పసుపు. శ్రీహర్ష గోళ్లు కొరుకుతున్నాడు. నాలుగో మీటరు దగ్గర పసుపులో నల్లటి వంపు కనపడింది. డాక్టర్ ఎంగెల్ చెయ్యి ఎత్తి యంత్రాన్ని ఆపించి, మోకాళ్ల మీద కూర్చుని చిన్న తాపీతో గీకింది. వంపు గుండ్రమైంది. రోలు పట్టేంత గుంతలు ఒక వరుసలో మూడు, ఇంటి గుంజలు నిలిపినవి. వాటి పక్కన పెద్ద గొయ్యి, దాని నిండా బూడిద, ఎముకలు, పెంకులు. ఫ్రావ్ బాయర్లె మాస్కు తీసి, ముక్కు చీదుకుని, మళ్లీ పెట్టుకుంది.

డాక్టర్ ఎంగెల్ ఫోను తీసి ఎవరితోనో గట్టిగా మాట్లాడింది. మూడు నెలలు అన్న మాట ఆమె మూడుసార్లు అన్నది. ఫోను పెట్టేసి నవ్వింది. ఇళ్ల పని అక్టోబరు దాకా ఆగుతుంది.

ఆమె గోతిలోంచి ఒక పెద్ద ముక్క, కుండ అడుగు భాగం, తీసి రెండు చేతులతో కౌసల్యకు అందించింది. కౌసల్య దాన్ని తిప్పి తిప్పి చూసింది. గోరుతో గీరింది.

"ఏమంటున్నారు?" అని అడిగింది డాక్టర్ ఎంగెల్.

చంద్రిక నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "తిడుతోంది. ఒక్క దిక్కే మంట పెట్టిన్రు, ఇంకోదిక్కు పచ్చిగనే ఉన్నదంటోంది. అడుగు వంకర, నీళ్లు పోస్తే ఒరుగుతదంటోంది. చేసినావిడ బాగా తొందర మనిషంట."

"చేసినావిడా?"

"సారె తిప్పి చేసింది కాదు, చేత్తోనే," అంది కౌసల్య. "మా దిక్కు సారె ఆడోళ్లను ముట్టనియ్యరు. ముప్పై ఏండ్లు మన్ను తొక్కిన, పిసికిన, కుండల ఆము కాల్చిన, సారె మీద మాత్రం ఎన్నడు కూసోలే. ఇది గసోంటి చెయ్యే అనిపిస్తున్నది."

డాక్టర్ ఎంగెల్ అది రుజువు చేయలేమంది, అయినా నోటుబుక్కులో రాసుకుంది. తర్వాత ఒక ఫారం తీసింది. ఎవరు కనిపెట్టారు, పేరు, చిరునామా. వృత్తి అన్న గడి దగ్గర శ్రీహర్ష పెన్ను తీసుకుని, "హౌస్‌వైఫ్ అని రాస్తున్న అత్తమ్మా," అన్నాడు.

"గట్ల రాస్తే నలభై గుప్పిళ్ల మన్ను ఎందుకు పేనిందో వాళ్లకెట్ల సమజయితది? కుమ్మరి అని రాయి."

అతను రాశాడు, జర్మన్‌లో, స్పష్టమైన అక్షరాల్లో. డాక్టర్ ఎంగెల్ చదివి, తల ఊపి, ఇంకో మాట అడిగింది. సోమవారం నుంచి పెంకులు కడగడానికి, వేరు చేయడానికి మనుషులు కావాలి. ఈవిడ రాగలరా?

చంద్రిక చెప్పేలోపే కౌసల్యకు అర్థమైంది. చేతులకంటిన మసిని చీర కొంగుకు తుడుచుకుని, బండిలో కదులుతున్న పాపను చూసి ఒక్క క్షణం ఆలోచించింది.

"పదకొండు నుంచి ఒంటిగంట దాకా వస్త. గప్పుడు పాప పండుకుంటది, అల్లుడికి మీటింగుంటది. నీళ్లు మాత్రం సల్లటియి వద్దని చెప్పు, గోరువెచ్చగుండాలె."

డాక్టర్ ఎంగెల్ అది కూడా రాసుకుంది.