మగ్గం లెక్కన ముప్పై

కరోనాకు రెండేళ్ల ముందు, జూన్‌లో బడులు తెరిచిన వారానికి, నన్ను వారానికి రెండు రోజుల లెక్కన నగరి వైపు ఒక కేంద్రానికి వేశారు. కదలికల్లో, ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లల కోసం బడి ఆవరణలోనే ఒక గదిలో నడిచే కేంద్రం అది. నేను ఫిజియోథెరపిస్టును. అప్పటికి సర్వీసులో పాతదాన్ని, పైగా నోటిదురుసు. ఇల్లు తిరుపతిలో. సాయంత్రం నాలుగు గంటల బస్సు తప్పితే ఇంటికి చేరేసరికి చీకటి పడేది. జరిగినదానికి ఆ బస్సే కారణమని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. బస్సు పాపం ఏమీ లేదు.

మా వృత్తిలో బిడ్డ మా చేతుల్లో ఉండేది వారానికి గంటో రెండు గంటలో. మిగతా కాలమంతా తల్లి చేతుల్లోనే. అందుకే ప్రతి బిడ్డకూ ఇంటి కార్డు ఇస్తాం. ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, ఎంతసేపు అని రాసి ఉంటుంది. చేసిన పూట తల్లి టిక్కు పెడుతుంది. నెలకోసారి మేము ఇంటికి వెళ్లి, చేసే తీరు కళ్లారా చూసి, సందర్శన రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాలి.

లోహితకు అప్పుడు నాలుగున్నరేళ్లు. స్పాస్టిక్ డైప్లీజియా. అంటే మెదడు నుంచి వచ్చే ఆజ్ఞల్లో తేడా వల్ల రెండు కాళ్ల కండరాలూ బిగుసుకుపోతాయి. మడమ నేలకు ఆనదు, బిడ్డ మునివేళ్ల మీదే నిలబడుతుంది. రోజూ పిక్క కండరాన్ని సాగదీసి, పాదాన్ని తిన్నగా పట్టి ఉంచే స్ప్లింట్ కడితే మడమ కిందికి దిగే అవకాశం ఉంది. లేకుంటే ఎముక పెరిగినంత వేగంగా కండరం పెరగదు, చివరికి ఆపరేషన్ దాకా పోతుంది. తల్లి కోమల మరమగ్గాల మీద పనిచేసేది. మొదటిరోజే నాతో ఒక్క మాట చెప్పింది.

"వచ్చే జూన్‌కి ఒకటో తరగతి మేడమ్. బడికి మూడే మెట్లుండాయి. ఎత్తుకోని పోకుండా నడిపించుకోని ఎక్కించాల. అంతే నాకు."

వ్యాయామం చేసి చూపించాను. మోకాలు చాపి, మడమను అరచేతిలో పట్టుకుని, పాదాన్ని మెల్లగా పైకి వంచి, ముప్పై లెక్కపెట్టి వదలాలి. పూటకు పదిసార్లు, రెండు పూటలా. నేను మాత్రం మనసులోనే లెక్కపెట్టుకున్నాను.

దీపావళి అయ్యాక గోనియోమీటర్‌తో చీలమండ కొలిచాను. కీలు ఎంత వంగుతుందో చూపే కొలబద్ద అది. జూన్‌లో కంటే తగ్గింది. స్ప్లింట్ పట్టీ బిగించలేకపోయాను. కార్డు తీసి చూస్తే ఒక్క పూట కూడా ఖాళీ లేదు. ఖాళీ లేని కార్డంటే దొంగ కార్డని నా అనుభవం. గదిలో నలుగురైదుగురు తల్లులు కూర్చుని ఉండగా నోరు పారేసుకున్నాను. టిక్కులు పెడితే కాలు సాగదమ్మా, చెయ్యకుండా చేశానని రాస్తే మోసపోయేది నేను కాదు, నీ బిడ్డే అన్నాను.

"ఒక్క దినం గూడా తప్పలే మేడమ్. బిడ్డ తోడు," అంది కోమల.

కాలు అబద్ధం చెప్పదన్నాను. ఆమె పాపను చంకనేసుకుని వెళ్లిపోయింది. రెండు వారాలు రాలేదు. మూడో వారం కేంద్రం ఆయా రాజమ్మ నెమ్మదిగా కదిపింది.

"ఆ యమ్మ ఇంటికాడ ఒకటే ఏడుపు మేడమ్. మీరొకసారి పోయి సూడకూడదా? ఎప్పుడూ పోలేదు గదా మీరు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇంటికి నేను నాలుగుసార్లు వెళ్లినట్టు రిజిస్టర్‌లో ఉంది. రాసింది నేనే.

ఆ రోజు నాలుగు గంటల బస్సు వదిలేసి వెళ్లాను. ఇల్లంటే ఒకే పొడవాటి గది. అందులో రెండు మరమగ్గాలు. మాట వినపడాలంటే అరవాల్సిందే. మగ్గానికీ గోడకూ మధ్య, బిడ్డ పడుకునేంత చోట చాప. నన్ను చూసి కోమల బెదిరింది. చేసి చూపించమన్నాను. ఆ చేతి పట్టులో ఎంచడానికి నాకేమీ దొరకలేదు. మడమ అరచేతిలో, మోకాలు చాపి, అచ్చం నేను నేర్పినట్టే. కానీ తొందరగా వదిలేసింది. మళ్లీ చేయించి వాచీ చూశాను. పదిహేను సెకన్లు. ఎంత లెక్కపెట్టావని అడిగాను.

"ముప్పై మేడమ్. నాడె ఒక దెబ్బకి ఒకటి. పెండ్లయి వచ్చినప్పటి నుంచి అన్నిటికీ ఈ సప్పుడే మాకు లెక్క. పొయ్యి మీద అన్నం గూడా దీన్తోనే దించుతాను."

మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే ఆ నాడె సెకనుకు రెండు దెబ్బలు కొడుతోంది. అయిదు నెలలు, ఒక్క పూట తప్పకుండా, ఆ తల్లి సగమే సాగదీసింది. మొదటి నెలలో ఒక్కసారి గడప తొక్కి ఉంటే నాకు నిమిషంలో తెలిసేది. నా మొహం చూసి కోమలకు ఏదో అర్థమైంది.

"తప్పు జేసినానా మేడమ్? నా బిడ్డ కాలు నేనే సెడగొట్టుకున్నానా?"

లేదు, తప్పు నాదేనని అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. "ఇకమీద అరవై దెబ్బలు లెక్కపెట్టు" అన్నాను, అంతే. ఆమె మగ్గం ఆపి, నాకు కాఫీ పెట్టి ఇచ్చింది. సిగ్గు లేకుండా తాగాను.

కోమల అరవై లెక్కపెట్టింది. కొత్త స్ప్లింట్ చేయించాం. పోయిన నెలలు తిరిగి రాలేదు. జూన్‌లో ఆ మూడు మెట్లూ ఎత్తుకునే ఎక్కించింది. తర్వాత తిరుపతిలో రెండు మడమలకూ ఆపరేషన్ అయింది. ఇప్పుడు లోహిత వాకర్‌తో నడుస్తోందని విన్నాను. ఇలాంటి పిల్లల్లో, అన్నీ సరిగ్గా చేసినా, కొందరికి ఆపరేషన్ తప్పదు. అది నిజమే గానీ, ఆ నిజం చాటున దాక్కునే హక్కు నాకు లేదు.

మిగిలిన సర్వీసులో ఇల్లు చూడకుండా ఇంటి కార్డు ఇవ్వలేదు. లెక్క పైకి చెప్పి, వాచీ చూపించి, తల్లి చేత నా ఎదుటే చేయించాను. గురివింద తన నలుపెరగదంటారు. నేను మాత్రం ఎరిగే మాట్లాడాను. కోమల కార్డులో ఒక్క టిక్కు కూడా అబద్ధం కాదు. నా రిజిస్టర్‌లో ఆ ఇంటి పేరు మీద నాలుగు సంతకాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఏడాది ఆఖర్న పై అధికారి వాటిని సరిచూసి, బాగుందని రాశారు.