రెండుసార్లు బిగించిన మూత

మా మెకానిక్ పోయాడని గురువారం పొద్దున కడప నుంచి కబురొచ్చింది. ఆయన తలపుకొస్తే నాకు ముందు వచ్చేది ఏడుపు కాదు, భయం. ఆ భయం సంగతే మీకు చెప్పాలి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను కడప నుంచి అక్కడికి చిన్న విమానంలో సర్కారు కాగితాలు చేరవేసేవాణ్ణి. ఉన్నవి రెండే సీట్లు. తాను రిపేరు చేసిన విమానం మొదటిసారి ఎగిరితే ఆ రెండో సీట్లో ఆయనే కూర్చునేవాడు. "నా చేతిపని నేనే నమ్మకుంటే నిన్నెట్ల పంపేదప్పా?" అనేవాడు.

ఆ ఎండాకాలం ఆయిల్ ఒత్తిడి తగ్గితే వెలగాల్సిన ఎర్రదీపం రెండుసార్లు ఉత్తినే వెలిగింది. ఆ దీపం తీగ ఒరుసుకుపోయింది, అంతే. ఆయన కొత్త తీగ వేసి, ఆయిల్ పోసి, వచ్చి కూర్చున్నాడు. ఓర్వకల్లు రాళ్లగుట్టల మీదికి వచ్చేసరికి దీపం మళ్లీ వెలిగింది.

"మళ్ల ఆ తీగేలేన్నా. కర్నూలు వచ్చేస్తాండాది," అన్నాను. పక్కనున్న ఆయిల్ ఒత్తిడి చూపే ముల్లు కూడా కిందికి జారుతోంది. అదీ చెడిపోయిందనుకున్నాను. ప్రాణం మీదికొస్తే మనిషి తనకు కావలసిందే నమ్ముతాడు.

ఆయన "ఔ, తీగే" అని ఉంటే నేను అట్లాగే పోయేవాణ్ణి. ఇంతలో ముందరి అద్దం మీద నల్లటి చార పాకింది.

"తీగ కాదప్పా. ఆయిల్ ట్యాంకు మూత నేను బిగించలే. తప్పు నాది. దించు."

"యాడ దించేదన్నా? అన్నీ రాళ్లే!"

"ఇంజను నడుస్తాండంగనే చోటు వెతకల్ల. అది నిలిస్తే యాడ పడేసేది దాని ఇష్టం."

ఇంజను వేగం తగ్గించాను. గుట్టల పక్కన కోత అయిపోయిన జొన్నచేను కనబడింది. చక్రాలు నేల తాకేదాకా ఆయన నా భుజం వదల్లేదు. దిగి చూస్తే మూత పక్కకు ఒరిగి ఉంది, ఆయిల్ అడుగంటింది. ఇంకాసేపు పోయి ఉంటే ఆ గుట్టల్లో మా ఎముకలు ఏరుకునేవాళ్లు.

పైవాళ్లకు తీగ అనే రాద్దామన్నాను. ఆయన నా మీద విరుచుకుపడ్డాడు. "దీపమే నిజం చెప్పె. మనం అబద్ధం చెప్తామా?"

ఆనాటి నుంచి ఏ మూతనైనా రెండుసార్లు బిగించేవాడు. చెనిక్కాయల పొడి సీసా తీయాలంటే వదినమ్మ పక్కింటివాళ్లను పిలవాల్సిందే. నేను ఎగతాళి చేస్తే, "నవ్వప్పా, నేలమీద ఉండావు గదా" అనేవాడు.

గురువారం మధ్యాహ్నం వాళ్లింటికి చేరాను. ఆయన తలవైపు పెట్టిన దీపంలో నూనె అయిపోవచ్చింది. వదినమ్మ నూనె సీసా తెచ్చింది. మూత రాలేదు. ముందురోజు సాయంత్రం దాన్ని బిగించింది ఆయనే. ఇద్దరు ముగ్గురు తిప్పి చూసి వదిలేశారు.

"నువ్వు తియ్యి నాయనా," అని వదినమ్మ సీసా నా చేతికిచ్చింది.

తీయబుద్ధి కాలేదు. ఆయన చేతిపని అది ఒక్కటే మిగిలినట్టనిపించింది. దీపం సన్నగిల్లుతోంది. పంచె కొంగుతో పట్టి, బలమంతా పెట్టి తిప్పాను. నూనె పోసి, మూత పెట్టి బిగించాను. ఆయన ముఖం చూసి, మళ్లీ ఒకసారి బిగించాను.