ముక్కు జరిగిన రెండు మిల్లీమీటర్లు

మా వదిన కళ్ళజోళ్ళ షాపులో ఫిటర్. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని జనం ముక్కుల మీద జోళ్ళు నిలబెట్టడం. కాడని వేడిగాలి మెషీను ముందు తిప్పి, చెవి వెనక ఎంత వంగాలో అంతే వంచి, ముక్కు మీద ఆనే బిళ్ళల్ని బొటనవేలితో సర్ది, "తల ఊపండి" అంటుంది. ఊపినా జారకూడదు. జారితే కథ మళ్ళీ మొదటికి.

అలాంటి మనిషికి సొంత ముక్కంటే పడదు. మధ్యలో చిన్న మిట్ట. బళ్ళో "గద్ద" అన్నారు. పెళ్ళయ్యాక మా అన్నయ్యా అదే అన్నాడు, ముద్దుగానట, వాడి ముద్దు మండిపోను. షాపునిండా అద్దాలే, ఎటు తిరిగినా గద్దే. నలభై మూడో ఏట ఆపరేషన్ చేయించుకుంటానంటే ఇంటిల్లిపాదీ ముక్కున వేలేసుకున్నారు. "నా ముక్కు, నా ఇష్టం" అంది. నాకా మాట నచ్చింది. ఆసుపత్రికి తోడు వెళ్ళింది నేనే. అందుకే ఈ కోపంలో నాకూ వాటా ఉంది.

మిట్ట పోయింది, కాదనను. కానీ కట్టు విప్పి చూస్తే ముక్కుదూలం ఎడమకి ఒరిగి ఉంది. "వాపమ్మా, తగ్గుతుంది" అన్నాడు డాక్టరు. నెలకీ అదే మాట, ఆరు నెలలకీ అదే మాట. వాపు తగ్గింది, వంకర మిగిలింది. జోడు ఎంత సర్దుకున్నా కాసేపటికి ఎడమకి జారిపోతుంది. జోడు లేకపోతే ఆమెకి ఆవగింజంత స్క్రూలు కనిపించవు. ఒకరోజు ఓ పెద్దాయన, "ముందు నీది సరిగ్గా పెట్టుకో తల్లీ, తర్వాత నాది చూద్దువుగాని" అన్నాడు. షాపంతా నవ్వింది. మర్నాడు ఓనరు ఆమెని ఫిటింగు బల్ల దగ్గర్నుంచి లేపి, లోపల పెట్టెలు సర్దే పనిలో పెట్టాడు. జోడు నిలబడితేనే మళ్ళీ బల్ల.

ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకున్న కాగితంలో ఒక మాట ఉంది. ఏడాదిలోపు లోపం ఉందని డాక్టరు రాసిస్తే మళ్ళీ ఉచితంగా సరిచేస్తారు. ఏడాది నిండటానికి నాలుగు రోజులుందనగా, తాడో పేడో తేల్చుకుందామని ఇద్దరం వెళ్ళాం.

డాక్టరు కంప్యూటరు తెర మావైపు తిప్పాడు. "ఇది ముందు, ఇది తర్వాత. ఎంత బాగుందో చూడండి."

ఫొటో కుడి పక్క నుంచి తీసింది. ఏదో ఒక పక్క నుంచి చూస్తే నేనూ అందగత్తెనే.

"జోడు జారుతోంది డాక్టర్ గారూ. నా పని పోయేలా ఉంది" అంది వదిన.

"ఎవరికైనా రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవమ్మా. మీ సమస్య చెవులది."

ఆడలేక మద్దెల ఓడు! నేను ఒంటికాలి మీద లేవబోతే వదిన నా మోచెయ్యి నొక్కింది. సంచిలోంచి షాపు కార్డు, స్కేలు తీసి బల్ల మీద పెట్టింది. కార్డులో మూడేళ్ళ కిందటి ఆమె కొలత ఉంది: ముక్కుదూలం మధ్య నుంచి ఒక్కో కంటిపాపకి ముప్పై ఒక్క మిల్లీమీటర్లు.

"ఇప్పుడు మీరే కొలవండి."

కొలిచాడు. అంకె పైకి చెప్పకుండా మింగేశాడు. నేను తొంగి చూసి చదివాను. ఎడమకి ఇరవై తొమ్మిది, కుడికి ముప్పై మూడు.

"కళ్ళు కదలవు కదా డాక్టర్ గారూ. మరి కదిలిందేంటి?"

ఆయన ఫైల్లో ఏదో గీకాడు. వదిన తలకిందులుగానే చదివేసింది. "ఫలితం బాగుంది. పేషెంటుకి సంతృప్తి లేదు."

నాకు ఒళ్ళు మండింది. వంకర ముక్కులో లేదట, ఆమె మనసులో ఉందట!

వదిన గొంతు పెంచలేదు. "మీ జోడు లూజుగా ఉన్నట్టుంది, ఇటివ్వండి" అంది, షాపులో అనే గొంతుతో. ఆ గొంతు వింటే ఎవరైనా ఇచ్చేస్తారు. ఆయనా ఇచ్చాడు. ఒక బిళ్ళని బొటనవేలితో నొక్కి తిరిగిచ్చింది.

"ఇదేంటి, పక్కకి పోతోంది?"

"ఫలితం బాగుంది డాక్టర్ గారూ. మీకే సంతృప్తి లేదు."

తలుపు దగ్గర నర్సు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది. ఆయన మొహం కందగడ్డ అయింది.

"ఉన్నది ఉన్నట్టు రాయండి, సరిచేసిస్తాను. లేదంటే ఏడాది ఇలాగే పెట్టుకోండి. వాపేమో, తగ్గుతుంది."

రాశాడు. ముక్కుదూలం రెండు మిల్లీమీటర్లు ఎడమకి జరిగింది, మళ్ళీ ఆపరేషన్ అవసరం. కింద సంతకం, తేదీ. వదిన జోడు సరిచేసి ఇచ్చింది. వంకర జోడు ఎవరికీ ఇవ్వడం ఆమెకి చేతకాదు.

"గెలిచాం వదినా!" అన్నాను మెట్లు దిగుతూ.

"ఏం గెలిచాం?" మెట్టు మీదే కూలబడింది. "మళ్ళీ మత్తిచ్చి పడుకోబెట్టాక కత్తి పట్టేదెవరు? వీడే కదా! ఇంత పోట్లాడింది నా మొహం మళ్ళీ వీడి చేతిలో పెట్టడానికా?"

అప్పటిదాకా మా ఇద్దరికీ ఆ సంగతే తట్టలేదు. కాగితం చింపేస్తుందనుకున్నాను. చింపలేదు. నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.