క్లిప్పు పెట్టని పేజీ

ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర పాతకాలపు ఒంటిగది బడి ఒకటి ఉంది. మూడో తరగతి పిల్లల్ని ఏటా ఒకరోజు అక్కడికి తీసుకెళ్లి, పాత బల్లల మీద కూర్చోబెట్టి, పాత పుస్తకాలు చదివిస్తారు. మొన్న ఏప్రిల్‌లో మనవరాలి తరగతికి తోడుగా నేనూ వెళ్లాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ రోజూ డైరీ రాస్తున్నాను. ఆ రోజు పేజీలో మాత్రం ఒక్క వాక్యమే ఉంది: "ఆవిడతో మళ్లీ మాట్లాడను." మాట్లాడలేదు.

ఆవిడంటే, అక్కడ పొడవు గౌను తొడుక్కుని పంతులమ్మ వేషం కట్టే పెద్దావిడ. భూగోళం పుస్తకం ఒకటి చేతికిచ్చి పిల్లలచేత తలా ఒక పేజీ పైకి చదివిస్తోంది. కొన్ని పేజీలు కలిపి క్లిప్పులు పెట్టి ఉన్నాయి. ఎందుకని అడిగాను. కాథలిక్కుల గురించీ యూదుల గురించీ వాటిలో నీచంగా రాశారట. తల్లిదండ్రులు గొడవ చేస్తే మూసేశారట.

తర్వాతి వంతు మనవరాలిది. పిల్ల భుజం మీదుగా వంగి చూశాను. ఇండియా పేజీ. అక్కడి జనం రాళ్లకూ రప్పలకూ మొక్కే అజ్ఞానులనీ, తల్లులు పసిబిడ్డల్ని నదిలో పారేస్తారనీ ఉంది. దానికి క్లిప్పు లేదు.

ఈ పేజీ వదిలేయమని ఆవిడతో అన్నాను. దీని మీద ఇంతవరకూ ఎవరూ కంప్లయింట్ చేయలేదంది. ఇప్పుడు నేను చేస్తున్నానన్నాను. ఇది చరిత్ర, మనసుకు తీసుకోకండి, పాపని చదవనివ్వండి అంది, చిరునవ్వుతో. పుస్తకం లాగాను. ఆవిడ రెండో వైపు పట్టుకుని వదల్లేదు. అది జారి మనవరాలి కాలి మీద పడింది.

పిల్ల వెంటనే వంగి, పుస్తకం తీసి కళ్లకద్దుకుంది. కాలు తగిలితే అలా చేయాలని నేర్పింది నేనే. వెనక బెంచీ నవ్వింది. ఆవిడ ఆ నవ్వును ఆపకపోగా, మ్యూజియంలో వస్తువును చూపించినట్టు చేయి చాపి, "చూశారా పిల్లలూ, వీళ్లు పుస్తకానికి కూడా మొక్కుతారు" అంది.

మనవరాలి చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"తాతయ్యా, ఈ బుక్‌కి కూడా దండం పెట్టాలా?"

"అక్కర్లేదమ్మా. దీనికి అక్కర్లేదు."

"మరి రీడ్ చేయాలా?"

"వద్దు."

పుస్తకం తీసుకుని, ఆవిడ బల్ల మీది డబ్బాలోంచి క్లిప్పు తీసి, ఆ పేజీకి నేనే పెట్టాను. ఆవిడ పుస్తకం కోసం చేయి చాచింది. చేతికివ్వకుండా బల్ల మీద పడేశాను. మిగతా పిల్లల చదువు అయ్యేదాకా మనవరాలూ నేనూ స్కూల్ బస్సులో కూర్చున్నాం.