చేతికెక్కిన పాఠం

మొన్న ఆదివారం మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని గోళ్ల రంగు తుడుచుకుంటుంటే ఆ ఘాటు వాసన వంటింటి దాకా వచ్చింది. "అమ్మా, స్మెల్ వస్తుందా? విండో ఓపెన్ చేయనా?" అని అడిగింది. ఒక్క నిమిషం ఆగమన్నాను. కాపెల్ ఊళ్లోని మా వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడ్డదాన్ని, నిలబడ్డట్టే మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నా మొదటి ఉద్యోగానికి వెళ్లిపోయాను. ఆ వాసన వస్తే నాకు విమల గారు గుర్తొస్తారు.

విమల గారు అక్కడ కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో హెచ్ఆర్ మేనేజర్. గుంటూరులో పుట్టి మిషిగన్ చలిలో రాటుదేలిన మనిషి. మాస్టర్స్ ముగించి ఆవిడ కింద చేరాను. హెచ్ఆర్ అంటే ఇంటర్వ్యూలు చేయడం, పుట్టినరోజులకు కేకులు తెప్పించడం అనుకుని ఇస్త్రీ బట్టల్లో వెళ్తే, ఆవిడ నా చేతిలో మాస్కు పెట్టి నేరుగా పెయింట్ షాపుకు తీసుకెళ్లారు. కాసేపటికే రంగుల్లో కలిపే థిన్నర్ వాసనకు నా తల దిమ్మెక్కింది.

"ఏం శిరీషా, అప్పుడే హెడేకా?"

"అవునండీ."

"వీళ్లు రిటైర్ అయ్యేదాకా ఇక్కడే నిలబడాలమ్మా. ఇదొక్కటి గుర్తుంచుకో. మిగతా హెచ్ఆర్ అంతా నేను నేర్పిస్తాలే."

ఆ ఏడాదే కంపెనీ థిన్నర్ రంగులు మానేసి నీటితో కలిపే రంగులకు మారాలని నిర్ణయించింది. ఊరి గాలికీ మంచిది, పనివాళ్ల ఊపిరితిత్తులకూ మంచిది. మీటింగ్‌లో అందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు ఆగాక ప్లాంట్ మేనేజర్ గ్రెగ్ అసలు సంగతి చెప్పాడు. కొత్త రంగులు తెలిసినవాళ్లను బయటినుంచి తెస్తాడట, పాత పెయింటర్లను పంపించేస్తాడట. విమల గారు రాసుకుంటున్న పెన్నుకు మూత పెట్టారు.

"గ్రెగ్, ఇన్నేళ్లూ ఆ గాలి పీల్చింది వాళ్లు. అది బాగుపడే రోజున వాళ్లను గేటు బయట నిలబెడతావా? ఆ పని నా చేత చేయించలేవు."

గొంతు కూడా పెంచలేదు. మూడు నెలల గడువు, జీతంతో శిక్షణ అడిగి సాధించారు. పాడయ్యే పీసులు పెరిగితే మాత్రం తను అనుకున్నదే చేస్తానని గ్రెగ్ తేల్చేశాడు. బయటికి వచ్చాక, "వాళ్లు నేర్చుకోకపోతే ఎలాగండీ?" అని అడిగాను. "వాళ్లు నేర్చుకుంటారు. మనకి నేర్పడం వచ్చా రాదా, అదే నా టెన్షన్" అన్నారు.

కొత్త రంగుతో లైను మొదలైన వారంలోనే దెబ్బ తగిలింది. వాల్టర్ అక్కడ అందరికంటే పాత పెయింటర్. నీటి రంగు వాడిన స్ప్రే గన్‌ను థిన్నర్‌తో కడగకూడదని క్లాసులో శ్రద్ధగా విన్నాడు. సాయంత్రం బెల్లు మోగగానే మాత్రం ఏళ్ల అలవాటు కొద్దీ అతని చేయి దానంతటదే పక్కనున్న థిన్నర్ డబ్బా మీదకు వెళ్లింది. లోపల మిగిలిన రంగు విరిగిన పాలలా గడ్డలు కట్టింది. మర్నాడు పొద్దున్నే లైను ఆగిపోయింది. "నేను ముందే చెప్పానా లేదా?" అంటూ గ్రెగ్ విమల గారి గదికి వచ్చాడు. వెనకే వచ్చిన వాల్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, "నేను మానేస్తాను, మిగతావాళ్లను ఉంచండి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

విమల గారు మా అందరినీ వెంటబెట్టుకుని పెయింట్ షాపుకు నడిచారు. "రంగు మార్చాం, క్లాసులు పెట్టాం. మరి ఈ డబ్బా ఇంకా ఇక్కడే ఎందుకుంది?" అని అడిగారు. "ఇది వాల్టర్ తప్పు కాదు. దీన్ని అతని చేతికందేలా వదిలేసిన మనది. ముందు నాది." ఆ సాయంత్రానికి డబ్బాలన్నీ వెళ్లిపోయాయి. సరిగ్గా అవి ఉన్న చోటనే నీళ్ల తొట్లు వచ్చాయి. నాతో మెల్లగా, "క్లాసులో చెప్పింది తలకెక్కుతుందమ్మా. చేతికి వేరే ట్రైనింగ్ ఇవ్వాలి" అన్నారు. మిగతావాళ్లకు నేర్పే పని వాల్టర్‌కే అప్పగించారు. అతను ముందు తన విరిగిన రంగు కథ చెప్పి అందరినీ నవ్వించేవాడు.

గడువు ముగిసేసరికి పాడయ్యే పీసులు పెరగలేదు సరికదా, తగ్గాయి. ఒక్క పెయింటర్ ఉద్యోగం కూడా పోలేదు. ఆ వేసవి కంపెనీ పిక్నిక్‌లో వాల్టర్ భార్య విమల గారిని వెతుక్కుంటూ వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "ఇంతకుముందు ఆయన ఇంటికొస్తే స్నానం చేసేదాకా మనవరాలు దగ్గరికి వెళ్లేది కాదు. ఇప్పుడు కారు దిగీదిగగానే చంకెక్కుతోంది" అంది. ఎవరికీ జడవని విమల గారు అప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవిడ మనిషినని చెప్పుకోవడానికి ఆ రోజు నాకెంత గర్వంగా అనిపించిందో, ఇవాళా అంతే గర్వంగా ఉంది.

ఇప్పుడు నేను ఇక్కడ అట్టపెట్టెల కంపెనీలో హెచ్ఆర్ మేనేజర్‌ని. ఆదివారం గడిచి సోమవారం వచ్చింది. అట్ట వృథా కాని కొత్త యంత్రాలు వస్తున్నాయని మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు. తర్వాత ఒకాయన గొంతు సవరించుకుని, "పాతవాళ్ల సంగతి కూడా ఒకసారి ఆలోచించాలి" అన్నాడు. ఏం మాట్లాడాలో నేనింకా అనుకోనే లేదు. నా చేయి దానంతటదే పెన్నుకు మూత పెట్టింది.