కాకరకాయ చెంప

పని నుంచి రాగానే ఆమె చెప్పులు విడిచి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చెంప తల్లి చేతికి అందిస్తుంది. తల్లికి చూపు పోయింది. చెవులూ దాదాపు పోయాయి. మిగిలినవి వేళ్ళే. అవి చెంప మీది బుడిపెలను తడిమి, పైకి పాకి, పాపిట పలచబడిన చోట ఆగుతాయి.

"నా కాకరకాయ వచ్చింది," అంటుంది తల్లి. అప్పుడు గానీ ముద్ద ముట్టదు. వేరెవరు పెట్టినా తినదు.

ఆమెకు మందుల షాపు కౌంటర్లో పని. ఒకరోజు మొహానికి క్రీము కొనడానికి వచ్చినావిడ ఆమెను ఎగాదిగా చూసి, "బట్టతలవాడు దువ్వెనలు అమ్మినట్టుంది," అంది. పక్కన బిల్లులు కొట్టే అక్క కూడా నవ్వాపుకోలేకపోయింది. ఆ సాయంత్రమే ఆమె పై అంతస్తులోని చర్మం డాక్టరు దగ్గరికి మెట్లెక్కింది.

"ఇది ఎ విటమిన్ నుంచి వచ్చిన మందు," అన్నాడాయన. "పడుకునే ముందు మొహమంతటికీ కలిపి శనగగింజంత. మొదట్లో మంట పుడుతుంది, పొట్టు లేస్తుంది. ఎండలో తిరక్కు. కడుపుతో ఉంటే మాత్రం ముట్టుకోకు. తలకి రాసే చుక్కల్లోనూ ఇదే కాస్త కలిపి ఇస్తాను. ఓపిక పట్టమ్మా."

పట్టింది. చెంపలు ఎర్రబడి, కుబుసంలా పొట్టు లేచింది. తల్లీకూతుళ్ళది ఒకే మంచం, ఒకే దిండు. పొద్దున్నే ఆమె దిండు గలీబు దులపబోయేది. దులపడానికి ఏమీ ఉండేది కాదు.

నెలలు గడిచాయి. బుడిపెలు అణిగాయి. పాపిటలో నూగు మొలిచింది.

"ఏమే, మొహం అరువు తెచ్చుకున్నావా?" అంది బిల్లుల అక్క.

ఇంట్లో తల్లి వేళ్ళు రోజురోజుకీ ఎక్కువసేపు వెతికేవి. ఒక సాయంత్రం చెంప మీదే ఆగిపోయాయి.

"ఎవరమ్మా మీరు?" అంది తల్లి, మర్యాదగా.

"నేనేనమ్మా!" ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

తల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. "మా అమ్మాయి రానీండి. అప్పుడు తింటాను."

మర్నాడూ తినలేదు. ఆ మర్నాడు ఆమె మంచం దగ్గర కూర్చుని ఏడుస్తుంటే, తన చేతికి తడి తగిలి, తల్లి గొంతు తగ్గించింది.

"ఊరుకోండి. మా అమ్మాయి నిద్ర లేస్తుంది."

దిండు కింద నుంచి పాత క్రీము డబ్బా తీసింది. నిండా తెల్లటి పొట్టు. అందులో వేలు ముంచి, మెల్లగా నిమిరింది.

"కొంచెం కొంచెంగా వచ్చేసింది," అంది. "ఇంక రావలసింది కాస్తే."

మర్నాడు పొద్దున ఆమె మొహం కడుక్కుని, తడి ఆరకముందే ఆ డబ్బా మూత తీసి, చిటికెడు ఎడమ చెంపకు అద్దుకుంది. పాపిటలో మొలిచినవాటిని కత్తెరతో మొదలంటా కత్తిరించింది. పళ్ళెంలో ముద్ద కలిపి పెట్టింది. చెప్పులు వేసుకుని, గుమ్మం దాటి, వెనక్కి తిరిగి వచ్చి, చెప్పులు విడిచి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.