బుగ్గ మీది చుక్క

తొంభైల్లో నేను ఆటోనగర్ షెడ్లలో పనివాళ్ల రక్తం తీసి, సీతమ్మధార ల్యాబుకి సిటీ బస్సులో పట్టుకెళ్లేవాణ్ని. ఒక సాయంత్రం ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఖాళీ చేపల గంపతో, చంటిబిడ్డతో ఒకావిడ కూర్చుంది.

"డబ్బాలో ఏటి బాబూ?"

"రక్తం. పరీక్షకి."

ఆవిడ కిటికీలోంచి చీకటిపడుతున్న ఆకాశాన్ని చూసింది. "పొద్దుగూకినాక నెత్తురు బయట తిప్పకూడదు. గూబ పిట్ట వాసన పట్టేత్తాది. ఎవుల నెత్తురో ఆలింటికెల్లి, ఒంట్లో మిగిల్నది తాగేత్తాది."

చదువుకున్నవాణ్నన్న పొగరుతో నవ్వాను. "గూబ పట్టేది పసిపిల్లల్ని కదమ్మా, ఈ పనివాళ్లు మోటు మనుషులు."

"ఆలూ ఓ తల్లి కన్నోలే కదా. సుక్కుంటే గూబ దరికి రాదు," అంటూ బిడ్డ బుగ్గ మీది దిష్టి చుక్కని వేలితో తుడిచి, ఆ కాటుకని డబ్బా మూతకి రాసింది. తర్వాతి స్టాపులో దిగిపోయింది.

బస్సు కదిలాక గానీ నాకు తట్టలేదు, ఆ బిడ్డ చుక్క లేకుండా చీకట్లోకి వెళ్లిందని. తల బయటపెట్టి వెతికాను. జనంలో కనబడలేదు.

గూబల్ని నేను నమ్మను. ఇప్పటికీ పొద్దుగూకే వేళ చంటిబిడ్డ ఎదురైతే మాత్రం, ముందు బుగ్గ చూస్తాను.